చదరంగపు తొలి మహారాణి వేరా మెంచిక్

2025 జూలై మాసంలో జార్జియా దేశంలోని బటూమి నగరంలో మహిళల ప్రపంచ చదరంగ కప్పు పోటీలు జరిగాయి. నల్లసముద్రపు ఒడ్డున ఉన్న ఆ నగరానికి వివిధ దేశాల నుండి 107 మంది క్రీడాకారిణులు వచ్చారు. పోటీ నాకౌట్ పద్ధతిలో సాగింది. నాకౌట్ అనగా ఏమో కబడ్డీ, క్రికెట్ పోటీల వలన మన విద్యార్థులకు తెలిసినదే. గెలిచినవారు తరువాతి మెట్టుకు, ఓడినవారు ఇంటికి. చదరంగంలో ఒక్కొక్క మెట్టున ఇద్దరు ఆటగత్తెలు రెండేసి నిదానపు ఆటలు ఆడతారు. అవి సమమైతే గడియారాన్ని కుదించి త్వరిత ఆటలు ఆడిస్తారు. గుడివాడలో జన్మించిన మన కోనేరు హంపి అలా ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ తుదిపోటీకి చేరుకొన్నది. అక్కడ రెండు నిదానపు ఆటలూ డ్రా అయినవి. త్వరిత ఆటలలో నాగపూరుకు చెందిన పందొమ్మిదేళ్ల దివ్యా దేశ్‌ముఖ్ ఆమెను ఓడించి కప్పును గెలుచుకొన్నది. తుదిపోటీకి చేరిన ఇద్దరూ భారతీయులే కావడం దేశమంతటా ఆనందం కలిగించినది.

హంపికి అప్పటికి 38 సంవత్సరాలు. ఆ వయస్సును పత్రికలు పదే పదే ప్రస్తావించడం చూచినపుడు మాకు మరొక స్త్రీ స్మరణకు వచ్చినది. ఆమె 38 ఏళ్లకే మరణించినది. మరణించేనాటికి పదిహేడేళ్లుగా ప్రపంచ మహిళా చదరంగ విజేత. ఆమెకు ముందు ఆ బిరుదు ఎవరికీ లేదు. ఆమె జీవించి ఉండగా మరొకరికి రానూ లేదు. ఆమె పేరు వేరా మెంచిక్. హంపి పేరు తెలిసిన మన విద్యార్థినులలో ఈమె పేరు విన్నవారు బహు కొద్దిమంది అని మా అనుభవం. అందువలన ఈ సంచికలో ఆమె జీవితాన్ని కొంత వివరంగా చెప్పదలచినాము.

వేరా 1906 ఫిబ్రవరి 16వ తేదీన మాస్కోలో జన్మించినది. తండ్రి ఫ్రాంటిషెక్ మెంచిక్ చెక్ జాతీయుడు. తల్లి ఓల్గా ఇల్లింగ్‌వర్త్ ఆంగ్లేయురాలు. ఇరువురూ ఉద్యోగరీత్యా రష్యా చేరినవారే. తండ్రి జమీందారీ ఆస్తులను చూచేవాడు. తల్లి సంపన్నుల పిల్లలకు ఇంటి వద్ద చదువు చెప్పేది. వేరా తరువాత మరొక బాలిక జన్మించినది. ఆమెకు తల్లి పేరే పెట్టారు, ఓల్గా అని. తండ్రికి ఒక పిండిమర ఉండేది. ఇల్లు విశాలమైనది. పెద్ద కుమార్తెకు తొమ్మిదవ యేట తండ్రి ఒక చదరంగపు బల్లను బహూకరించి ఆట నేర్పినాడు. ఆ కానుక ఆమె జీవితాన్ని ఎటు తీసికొనిపోగలదో ఆయనకు ఏమి తెలుసును!

1917లో రష్యాలో విప్లవం వచ్చినది. పిండిమర పోయినది. ఇంటిని ఇతర కుటుంబాలతో పంచుకొనవలసి వచ్చినది, ఆ తరువాత ఇల్లు కూడా దక్కలేదు. బడి సాయంకాలాలకు మారినది. విద్యుత్తు లేదు, చలి కాచుకొనే సదుపాయం లేదు. పిల్లలు ఉన్నిదుస్తులు విప్పకుండానే కొవ్వొత్తుల వెలుతురులో చదువుకొని, మంచులో నడచి ఇళ్లకు చేరేవారు. అటువంటి రోజులలోనే ఆ బడిలో ఒక చదరంగపు పోటీ పెట్టారు. పద్నాలుగేళ్ల వేరా అందులో రెండు, మూడు స్థానాలను మరొకరితో పంచుకొన్నది. ఆమె ఆడిన మొదటి పోటీ అదే.

1921లో ఆ కుటుంబం మాస్కో విడిచినది. ఆ ప్రయాణంలోనే కుటుంబం రెండుగా చీలినది. తండ్రి తన స్వస్థలమైన బొహీమియాకు వెళ్లిపోయినాడు. తల్లి ఇరువురు కుమార్తెలను వెంటబెట్టుకొని ఇంగ్లాండు దక్షిణ తీరంలోని హేస్టింగ్స్ పట్టణానికి, తన తల్లి ఇంటికి చేరినది. వేరాకు అప్పటికి పదిహేనేళ్లు. ఆమెకు రష్యను భాష వచ్చును. ఇంగ్లీషులో నాలుగు మాటలు కలిపి చెప్పడం కష్టం. క్రొత్త ఊరు, క్రొత్త భాష. స్నేహితులు లేరు. తండ్రి దూరమయ్యాడు.

మాతృభాషలో పది తరగతులు చదివి, కాలేజీలో అడుగుపెట్టగానే ఇంగ్లీషు పాఠాలు విని తెల్లబోయే పిల్లలు మన ఊరిలోనూ ఉన్నారు. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు అయి, మూడింటి నడుమ మౌనం వహించే పిల్లలు మరింత మంది. వారికి వేరా అవస్థ వేరుగా వివరించనక్కరలేదు. ఆమె ఆ మౌనానికి అనువైన ఒక తావును వెదకుకొన్నది. చదరంగంలో మాట్లాడవలసిన పని లేదు. బల్లకు ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు, నడుమ గడియారం. భాష రాకపోవడం అక్కడ లోపం కాదు. తాను ఆ ఆట వైపు మళ్లడానికి ఇదే ముఖ్య కారణమని ఆమె తరువాతి కాలంలో తెలిపినది.

1923లో ఆమె హేస్టింగ్స్ చదరంగ క్లబ్బులో చేరినది. ఆ సంవత్సరమే డిసెంబరులో మన కాకినాడలో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగినది. రెండింటికీ సంబంధం ఏమీ లేదు. కాలం గుర్తుండడానికి మాత్రమే చెప్పినాము. హేస్టింగ్స్ సామాన్యమైన ఊరు కాదు. చదరంగ లోకంలో దానికి గొప్ప పేరు. ఏటేటా క్రిస్మసు సెలవులలో అక్కడ జరిగే పోటీలకు ప్రపంచంలోని ఉద్దండులు వచ్చేవారు. అంతటివారిలో ఒకడైన హంగరీ దేశపు గ్రాండ్‌మాస్టరు గేజా మరోట్సీ ఆ రోజులలో ఆ ఊరిలోనే నివసించేవాడు. క్లబ్బులో జాన్ డ్రూయిట్ వద్ద మొదటి పాఠాలు నేర్చిన వేరా తరువాత మరోట్సీకి శిష్యురాలయింది.

మరోట్సీ ఆట తీరు వేరు. తొందరపడి మీదబడడం ఆయనకు నచ్చదు. బంట్లను పదిలంగా నిలిపి, ఎదుటివాడు ఓర్పు కోల్పోయేదాకా కాచుకొని, చివరికి చిన్న ఆధిక్యాన్ని పెద్దది చేసికొనడం ఆయన పద్ధతి. శిష్యురాలి స్వభావానికి ఇది చక్కగా అతికినది. నల్లపావులతో ఆమెకు ఫ్రెంచి డిఫెన్సు ప్రీతిపాత్రం. అది మొదట ముడుచుకొని కూర్చుండి, అదను చూచి విచ్చుకొనే ఆట. ఆమె ఆటలో మెరుపులు తక్కువనీ, సాహసం చాలదనీ విమర్శించినవారు ఉన్నారు. ఆ విమర్శలో కొంత సత్యం లేకపోలేదు. కాని చేతిలో ఉన్నదంతా ఒకసారి పోగొట్టుకొన్న కుటుంబంలోని పిల్ల ఒక్క బంటునైనా ఊరకే వదలుకొనదు గదా అని మాకు తోస్తుంది.

ఫలితాలు త్వరలోనే కనిపించినవి. 1925లో బ్రిటిషు మహిళలలో ప్రముఖురాలైన ఎడిత్ ప్రైస్‌తో రెండు మ్యాచ్‌లు ఆడి రెండింటిలోనూ గెలిచినది. 1926లో లండనులో బాలికలకు మొదటిసారిగా జరిగిన పోటీలో ప్రథమురాలయింది. చెల్లెలు ఓల్గా మూడవది. మరుసటి యేడు అక్క మొదటిది, చెల్లెలు రెండవది.

1924లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1927 జూలైలో లండనులో దేశాల జట్లకు మొదటి ఒలింపియాడ్ జరిపినది. దానితోపాటు మహిళలకు మొదటి ప్రపంచ పోటీని ఏర్పాటు చేసినది. పన్నెండుగురు ఆడినారు. ఆనాటి పద్ధతి నాకౌట్ కాదు. ప్రతి ఒక్కరూ మిగిలిన అందరితో ఆడవలెను. పదకొండు ఆటలలో వేరా పది గెలిచి ఒకటి డ్రా చేసినది. ఇరువది ఒకటవ యేట ప్రపంచ విజేత అయినది.

ఈ రెండు పద్ధతుల భేదాన్ని ఒక నిమిషం ఆగి చూడవలెను. నాకౌట్‌లో ఒక దినపు తలనొప్పి, ఒక్క పొరపాటు ఎత్తు ఏళ్ల శ్రమను తుడిచివేయగలదు. మహిళల ప్రపంచ పోటీలను 2000లో న్యూఢిల్లీలో 64 మందితో మొదటిసారి ఆ పద్ధతిలో నడిపారు. అది 2018 వరకు పెక్కుసార్లు కొనసాగినది. హంపి అందులో 2004, 2008, 2010లలో సెమీఫైనలు చేరి ఆగిపోయినది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2012, 2015, 2017లలో సరిగ్గా అక్కడే ఆగినది. అందరూ అందరితో ఆడే పద్ధతిలో అదృష్టానికి చోటు తక్కువ. కాని ప్రతి ఆటలోనూ అలసట లేకుండా నిలబడవలెను. వేరా ఏడు ప్రపంచ పోటీలలో మొత్తం 83 ఆటలు ఆడినది. అందులో 78 గెలుపులు, 4 డ్రాలు, ఒకే ఒక్క ఓటమి. ఆ ఓటమి 1930లో హాంబర్గులో వాలీ హెన్షెల్ అనే జర్మను వనిత చేతిలో. 1931లో ప్రేగ్‌లో 8కి 8, 1933లో ఫోక్‌స్టన్‌లో 14కు 14, 1935లో వార్సాలో 9కి 9, 1937లో స్టాక్‌హోములో 14కు 14. పరీక్షలలో నూటికి నూరు తెచ్చుకొనే విద్యార్థులు ఉంటారు గాని, ఒక దశాబ్దం పాటు వరుసగా తెచ్చుకొనేవారు అరుదు.

అయితే ఈ అంకెలను బట్టి మాత్రమే ఆమెను కొనియాడవలెనంటే మేము ఈ వ్యాసం వ్రాయవలసిన పని లేదు. ఆ కాలంలో చదరంగం ఆడే స్త్రీలు కొద్దిమంది. వారిలో ఆమె స్థాయికి చేరువైనవారు ఒకరిద్దరు. అది ఆమెకూ తెలుసు. స్త్రీల పోటీలలో నిశ్చింతగా గెలుస్తూ, బహుమతులు అందుకొంటూ కూర్చుండవచ్చును. ఆమె అట్లు చేయలేదు. ఓడిపోతానని తెలిసిన చోటికి తానుగా వెళ్లినది.

1929 వేసవిలో బొహీమియాలోని కార్ల్స్‌బాడ్‌లో ఒక మహా పోటీ జరిగినది. నేడు ఆ ఊరిని కార్లోవీ వారీ అంటున్నారు. 22 మంది ఆటగాళ్లు. మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకా, నిమ్జోవిచ్, రూబిన్‌స్టీన్, స్పీల్మన్, యూవె వంటి దిగ్గజాలు అందులో ఉన్నారు. అంతటి పోటీలో ఒక స్త్రీకి చోటు దొరకడం మునుపు ఎన్నడూ లేదు. వియన్నాకు చెందిన ఆల్బర్ట్ బెకర్ అనే ఆటగాడికి ఇది పరిహాసంగా తోచినది. ఈమె చేతిలో ఓడినవారందరినీ వేరా మెంచిక్ క్లబ్బు పేర ఒక సంఘంలో సభ్యులుగా చేర్చవలెనని ఆయన ప్రతిపాదించినాడు. తోటివారు నవ్వినారు. కొద్ది దినాలకే బెకర్ ఆమెతో ఆడి ఓడినాడు. తాను స్థాపించిన సంఘానికి తానే ప్రథమ సభ్యుడైనాడు!

ఈ కథను చదరంగపు పుస్తకాలన్నీ చెప్పుతాయి. కాని కథలో సాధారణంగా విడిచిపెట్టే భాగం ఒకటున్నది. ఆ పోటీలో వేరా చిట్టచివరి స్థానంలో నిలిచినది. 21 ఆటలకు ఆమెకు వచ్చినవి 3 పాయింట్లు. బెకర్‌నూ, సేమిష్‌నూ గెలిచినది. తక్కినవారిలో చాలామంది చేతిలో ఓడినది. ప్రపంచ మహిళా విజేత, బిరుదు గల స్త్రీ, నెలరోజుల పాటు దినదినమూ ఓడుతూ, మరునాడు ఉదయం మళ్లీ ముఖం కడుగుకొని బల్ల ముందు కూర్చున్నది. పోటీని గురించి పత్రికకు వ్రాసిన నాటి ప్రపంచ విజేత అలెఖిన్ ఆమె ప్రతిభను గుర్తించి, ఆమె ఎదగడానికి తగిన అవకాశాలు కల్పించడం చదరంగ లోకపు బాధ్యత అని అభిప్రాయపడినాడు. బెకర్ పరిహాసం కంటె ఇది గుర్తుంచుకొనదగినది.

ఆ సంవత్సరమే ఇంగ్లాండులోని రామ్స్‌గేట్‌లో జరిగిన మరొక పోటీలో ఆమె ఆట పండినది. కాపాబ్లాంకాకు ఐదున్నర పాయింట్లు, వేరాకూ రూబిన్‌స్టీన్‌కూ చెరి ఐదు. తన గురువు మరోట్సీ కంటె పైన నిలిచినది. 1934లో యుగోస్లావియాలోని మారిబోర్‌లో మూడవ స్థానం పొందినది. స్పీల్మన్, విద్మార్ వంటివారు ఆమె తరువాతనే.

బెకర్ క్లబ్బు మాత్రం పెరుగుతూ పోయినది. తరువాత 1935లో ప్రపంచ విజేత కాగల డచ్చి దేశీయుడు మాక్స్ యూవె హేస్టింగ్స్‌లో వరుసగా రెండేళ్లు ఆమెతో ఓడినాడు. అమెరికా బాలమేధావిగా పేరుపొందిన రెషెవ్‌స్కీ, బ్రిటిషు విజేత సర్ జార్జి థామస్, బెల్జియం ఆటగాడు కోల్ కూడా సభ్యులైనారు. ఆ పట్టికలో మన ఉపఖండానికి చెందిన ఒక పేరు కూడా ఉన్నది, మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబులోని సర్గోధా ప్రాంతీయుడైన ఈయన సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే జమీందారు పరివారంలో ఒకడుగా లండను వెళ్లి, 1929, 1932, 1933లలో బ్రిటిషు విజేత అయినాడు. చనిపోయిన 58 ఏళ్లకు, 2024లో, అంతర్జాతీయ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదునిచ్చినది.

ఇక్కడ కథ దారి తప్పినా సరే, మరొక స్త్రీని గురించి చెప్పక ముందుకు సాగలేము. అదే ఉమర్ హయాత్ ఖాన్ ఇంట పనిచేసిన యువతి ఫాతిమా. ఆమెకు అప్పటికి ఇరువది ఏళ్లు ఉంటాయేమో. 1933లో హేస్టింగ్స్‌లో జరిగిన బ్రిటిషు మహిళల పోటీలో ఆమె 11 ఆటలకు పదిన్నర పాయింట్లతో విజేత అయినది. ఆ సంవత్సరం పురుషుల బిరుదు, స్త్రీల బిరుదు రెండూ ఒకే ఇంటి సేవకులకు వచ్చినవి! ఏలేవారి దేశంలో, ఏలేవారి పోటీలో, పాలితులలో సైతం పేదలైనవారు సాధించిన ఘనత ఇది. ఆ తరువాత యజమాని స్వదేశానికి మరలినాడు. పరివారంతో ఫాతిమా కూడా మరలినది. పెద్ద పోటీలలో ఆమె పేరు మరల వినరాలేదు. వేరా, ఫాతిమా ఎదురెదురుగా కూర్చున్నది లేదు. కాని వారిద్దరి జీవితాలను ప్రక్క ప్రక్కన ఉంచి చూస్తే ప్రతిభ సమానమైనప్పటికీ ఒకరికి క్లబ్బు, గురువు, ఊరు దొరికినవి, రెండవవారికి యజమాని దయ మాత్రమే దొరికినది. యజమాని ఓడ ఎక్కితే ఆటా ఓడ ఎక్కవలసినదే.

చతురంగం మన దేశంలో పుట్టి పారశీకుల ద్వారా అరబ్బులకు చేరి షత్రంజ్ అయి ఐరోపాకు ప్రయాణించినదని చెప్పుకొని గర్విస్తాము. నాగరికంగా ఎన్ని చేతులు మారినా, ఆ బల్ల ముందు కూర్చున్న చేతులు చాలవరకు మగవారివే. మన కళాశాలలలో నేటికీ ఆడపిల్లలు టెన్నికాయిట్ ఆడితే చూచినవారు చప్పట్లు కొడతారు గాని, చదరంగపు బల్ల మాత్రం మగపిల్లల గదిలోనే ఉంటుంది. విద్యార్థినుల విశ్రాంతి గదిలో నాలుగు బల్లలు, రెండు గడియారాలు ఉంచడానికి అయ్యే వ్యయం ఎంతో కమిటీ పెద్దలకు మేము చెప్పనక్కరలేదు.

స్త్రీలకు వేరుగా పోటీలు ఉండవలెనా అన్న ప్రశ్న అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. చదరంగంలో కండబలంతో పని లేదు గదా, వేరుపాటు ఎందుకు అని అడిగేవారిది న్యాయమైన ప్రశ్నయే. వేరా జీవితం దీనికి ఒక విధమైన సమాధానం చెప్పుతున్నదని మా ఊహ. 1927లో ఆ ప్రత్యేక పోటీ లేకపోతే కార్ల్స్‌బాడ్ వారు ఆమెను పిలిచి ఉండేవారు కారు. ఆ బిరుదే ఆమెకు తలుపు తెరచినది. కాని తలుపు తెరుచుకొన్నాక గడప మీదనే కూర్చుని ఉంటే, నేడు ఆమె పేరు పాత పట్టికలలో ఒక పంక్తిగా మాత్రమే మిగిలేది. అలెఖిన్, కాపాబ్లాంకాలపై ఆమె ఎన్నడూ గెలవలేదు. అయినా వారితో ఆడడం మానలేదు.

1935లో మాస్కోలో జరిగిన అంతర్జాతీయ పోటీకి ఆమెకు ఆహ్వానం వచ్చినది. పదిహేనేళ్ల ప్రాయంలో చలిలో విడిచివచ్చిన ఊరు. ఇప్పుడు ప్రపంచ విజేతగా, చెకోస్లొవాకియా తరఫున, ఇరువది మంది ఆటగాళ్లలో ఏకైక వనితగా తిరిగి ప్రవేశించినది. బోట్విన్నిక్, ఫ్లోర్ సమానంగా ప్రథమ స్థానం పొందినారు. అరువదియారేళ్ల లాస్కర్ మూడవ స్థానంలో నిలిచి అందరినీ అచ్చెరువొందించినాడు. వేరాకు 19 ఆటలకు దక్కినది ఒకటిన్నర పాయింటు. ఒక్క గెలుపు లేదు. పుట్టిన ఊరు ఆమెకు అంతకంటె ఏమీ ఇవ్వలేదు.

ఆ యేడు ఆగస్టులో మరొక విషాదం జరిగినది. వార్సాలో జరిగే మహిళల ప్రపంచ పోటీకి విమానంలో బయలుదేరిన బ్రిటిషు క్రీడాకారిణి ఏగ్నెస్ స్టీవెన్‌సన్, త్రోవలో పోజ్నాన్ విమానాశ్రయంలో విమానపు ప్రొపెల్లరు తగిలి దుర్మరణం పాలయింది. నాలుగు పర్యాయాలు బ్రిటిషు విజేత అయిన వనిత ఆమె. ఆమె భర్త ఆర్. హెచ్. ఎస్. స్టీవెన్‌సన్ బ్రిటిషు చదరంగ వ్యవహారాలలో ప్రముఖుడు. రెండేళ్ల తరువాత, 1937లో, వేరా ఆయనను వివాహమాడినది. ఆయన ఆమె కంటె 28 ఏళ్లు పెద్ద. ఈ వివాహంతో ఆమెకు బ్రిటిషు పౌరసత్వం లభించినది. అంతవరకు రష్యా, చెకోస్లొవాకియాల పేర ఆడిన ఆమె మూడవ దేశపు పేరుతో ఆడసాగినది.

స్త్రీలలో ఆమెకు నిజమైన ప్రత్యర్థిగా ఎదిగినది మ్యూనిచ్‌కు చెందిన సోన్యా గ్రాఫ్. స్వభావంలో వేరాకు పూర్తిగా విరుద్ధం. జుట్టు కురచగా కత్తిరించుకొని, మగవారి దుస్తులు ధరించి, సిగరెట్టు చేతబట్టి, సాహసంతో ఆడేది. 1937లో ఆస్ట్రియాలోని సెమ్మరింగ్‌లో ఇరువురి మధ్య ప్రపంచ బిరుదు కొరకు 16 ఆటల మ్యాచ్ జరిగినది. వేరా తొమ్మిది గెలిచి, ఐదు డ్రా చేసి, రెండు ఓడినది. ఆ ఇద్దరూ చివరిసారి కలిసికొన్నది 1939లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో. అక్కడ ఒలింపియాడ్ సాగుతుండగానే ఐరోపాలో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమయింది. ఇంగ్లాండు పురుషుల జట్టు పోటీ విడిచి స్వదేశానికి ఓడ ఎక్కినది. వేరా నిలిచి తన ఆటలన్నీ పూర్తి చేసినది. 19 ఆటలలో 17 గెలుపులు, 2 డ్రాలు. నాజీ ప్రభుత్వానికి నచ్చక జర్మనీ జట్టులో చోటు దక్కని సోన్యా గ్రాఫ్ ఏ దేశపు జెండా లేకుండా ఆడి రెండవ స్థానం పొందినది. ఆమె అక్కడనే ఉండిపోయినది. వేరా యుద్ధం జరుగుతున్న ఊరికి తిరిగి వచ్చినది.

చదరంగంతో జీవనం గడపడం ఆ రోజులలో సులభం కాదు. ఆమె పాఠాలు చెప్పేది, ఒకేసారి ఇరువది ముప్పది మందితో ఆడే ప్రదర్శనలు ఇచ్చేది. లండనులోని ఆక్స్‌ఫర్డ్ వీధిలో ఒక పెద్ద దుకాణపు భవనంలో 1939లో జాతీయ చదరంగ కేంద్రం వెలసినపుడు దాని నిర్వహణ ఆమెకు అప్పగించారు. 1940 సెప్టెంబరులో జర్మను విమానాలు కురిపించిన బాంబులకు ఆ భవనం దగ్ధమయింది. ఆమె తిరిగి పాఠాలకు, ప్రదర్శనలకు మళ్లినది. 1942లో జర్మనీ నుండి శరణార్థిగా వచ్చిన వృద్ధ ఆచార్యుడు జాక్ మీజెస్‌తో పది ఆటల మ్యాచ్ ఆడి ఆరున్నర, మూడున్నర తేడాతో గెలిచినది. మీజెస్ ఐరోపా చదరంగంలో అర్ధ శతాబ్దం పాటు పేరున్నవాడు. స్త్రీతో మ్యాచ్ ఆడడం తన గౌరవానికి తక్కువ అని ఆయన అనుకొనలేదు. బెకర్ నవ్విన నాటికి పదమూడేళ్లు గడచినవి.

1943లో భర్త మరణించినాడు. తల్లి, ఇరువురు కుమార్తెలు దక్షిణ లండనులోని క్లాపమ్‌లో ఒకే ఇంట నివసించారు. 1921లో మాస్కో నుండి కలిసి వచ్చిన ఆ ముగ్గురే. 1944 జూన్ మధ్యలో జర్మనీ వారు చోదకుడు లేని ఎగిరే బాంబులను లండను మీదికి పంపసాగినారు. వీ-1 అని వాటి పేరు. ఇంజను మ్రోత వినిపించినంతసేపు భయం లేదు. మ్రోత ఆగితే బాంబు క్రింద పడుతున్నదని గుర్తు. ఆ నెల చివరి వారంలో ఒక రాత్రి అట్టి బాంబు ఒకటి గాడెన్ రోడ్డులోని ఆ ఇంటి మీద పడినది. ముగ్గురూ ఒకేసారి మరణించారు. ఇంటితోపాటు ఆమె ఆటల కాగితాలు, గెలుచుకొన్న బహుమతులు కూడా నశించినవి.

యుద్ధం ముగిసినాక మహిళల ప్రపంచ బిరుదుకు అధిపతి లేదు. గత విజేతను ఓడించి కొత్త విజేత రావడం ఆచారం. ఓడించడానికి ఆమె లేదు. 1949 డిసెంబరులో మాస్కోలో పదహారు మందితో పోటీ ఆరంభించి, 1950 జనవరిలో ముగించారు. లెనిన్‌గ్రాడ్‌కు చెందిన లుద్మిలా రుదెంకో విజేత అయినది. వేరా పుట్టిన నగరంలోనే ఆమె వదలిన బిరుదు మరొకరి చేతికి వెళ్లినది. అటు తరువాత నాలుగు దశాబ్దాల పాటు ఆ బిరుదు సోవియట్ యూనియన్ దాటి బయటికి పోలేదు.

1957లో హాలెండులోని ఎమ్మెన్‌లో మహిళల జట్లకు మొదటి ఒలింపియాడ్ జరిగినపుడు, గెలిచిన జట్టుకు ఇచ్చే కప్పుకు వేరా మెంచిక్ పేరు పెట్టారు. 2024 సెప్టెంబరులో హంగరీలోని బుడాపెస్టులో ఆ కప్పును మొదటిసారిగా భారత మహిళల జట్టు గెలుచుకొన్నది. ద్రోణవల్లి హారిక, వైశాలి, దివ్యా దేశ్‌ముఖ్, వంతికా అగ్రవాల్, తానియా సచ్‌దేవ్ ఆ జట్టు సభ్యులు. వేరాకు ఆట నేర్పిన గురువు మరోట్సీ ఆ హంగరీ దేశస్థుడే.